జుగుప్స, తితిక్ష, చికిత్స : ఈశ్వరవిశ్వాసమున పరిదేవనమునకు గల స్థానము

పాణిని తృతీయాధ్యాయ ప్రథమపాదమున గుప్, తిజ్, కిత్ అను మూడు ధాతువులకు సన్ ప్రత్యయమును విధించుచు నొక సూత్రమును (3-1-5) రచించెను. జుగుప్స, తితిక్ష, చికిత్స అను మూడు పదములును ఈ యొక్క సూత్రము వలననే సిద్ధించుచున్నవి. ఈ ప్రత్యయము ఏ యర్థములందు వచ్చునో వార్తికము నియమించినది. గుప్ ధాతువునకు నింద, తిజ్ ధాతువునకు క్షమ, కిత్ ధాతువునకు వ్యాధిప్రతీకారము అర్థములు. ప్రక్రియాసౌలభ్యమునకై యీ మూడును ఒకచోట చేర్పబడినవే కాని, ఇందు తాత్త్వికప్రయోజన మేదియు సూత్రకారుని కుద్దిష్టము కాదు. అయినను అనిష్టమైన దేదైనను ఎదురైనపుడు మనుష్యుడు చేయగలిగిన పనులు ప్రాయికముగ ఈ మూడే. దానిని నిందించును, లేదా ఓర్చుకొనును, లేదా దానికి విరుగుడు వెదకును.

ఈశ్వరుడు సర్వమునకు ప్రభువని నమ్మినవాడు నిత్యజీవితమునందలి చిన్న చిన్న యిక్కట్టులకు సణుగుకొనరాదని పెద్దలు చెప్పుదురు. ఈ మాట పై మూడింటిలో రెండవదానిని మాత్రమే విధించుచున్నదా? మూడవదానిని కూడ నిషేధించుచున్నదా? మొదటిది సర్వథా త్యాజ్యమైనచో, శ్రీరాముని నిలదీసి యడిగిన కంచెర్ల గోపన్నను భక్తుడనుట యెట్లు? ఈ ప్రశ్నలకు వ్యాకరణ, వేదాంత, శతకవాఙ్మయముల యందు లభించు సమాధానమును పరిశీలించుట యీ వ్యాసమునకు విషయము.

తితిక్ష యనగా ఓర్చుకొనవలెనను కోరిక యని విద్యార్థులు తఱచుగ వ్రాయుదురు. పిపాస, జిజ్ఞాసాది పదముల సాదృశ్యము వలన కలిగిన భ్రాంతి యిది. ఇచ్ఛార్థమున సన్ ప్రత్యయమును విధించు సూత్రము వేఱు (3-1-7). ప్రకృతసూత్రమున సన్ ప్రత్యయము స్వార్థమున వచ్చును. కావున తితిక్ష ఓర్పే కాని ఓర్పునందలి కోరిక కాదు. ఓర్చుకొనవలెనని కోరుట సులభము, ఓర్చుట కష్టము అను భేదమిచట స్పష్టము. ఇంకొక విశేషము. తిజ్ ధాతువునకు ధాతుపాఠమున చెప్పబడిన యర్థము నిశానము, అనగా పదునుపెట్టుట. తేజస్సు, తీక్ష్ణము అను పదములును ఈ ధాతువు నుండి పుట్టినవే. ఓర్పు మొద్దుబారిన మనస్సునకు లక్షణమని లోకమున నొక తలంపు కలదు. పదమునకు మూలమైన ధాతువు దాని కనుకూలముగ లేదు.

జుగుప్సాపదమునకు సంబంధించిన మఱియొక వార్తికము కారకప్రకరణమున నున్నది. జుగుప్సార్థకధాతువుల ప్రయోగమున, దేనిని గూర్చి జుగుప్స కలుగునో దానికి అపాదానసంజ్ఞ చెప్పబడినది. అపాదానమునకు విశ్లేషము, అనగా ఎడబాటు, కావలెను. అధర్మమును అసహ్యించుకొనువాడు ఏ చెట్టు నుండియు దిగుటలేదు, ఏ గ్రామము నుండియు కదలుటలేదు. ఇచట విశ్లేషమెక్కడ? భాష్యకారుడు చెప్పిన సమాధానము మనోజ్ఞము. అట్టివాడు బుద్ధిచే ఆ వస్తువును చేరి, బుద్ధిచేతనే దాని నుండి మఱలుచున్నాడు. ఈ ధర్మము అధర్మవిషయమున గుణమగును. కాని వానను, ఎండను, ఇరుగుపొరుగును, తనకు లభించిన యన్నమును గూర్చి నిత్యము ఏవగించుకొనువాడు కూడ ఇట్లే బుద్ధిచే వానినుండి ఎడబాసినవాడగును. ఉన్నచోట నుండియు లేనివాడగుట సణుగుడు యొక్క తత్త్వము.

ఇక భగవద్గీత. తితిక్షను విధించు శ్లోకము (2-14) ఏ సందర్భమున చెప్పబడినదో గమనింపవలెను. ఎదుట పితామహుడు, గురువు, బంధువులు యుద్ధసన్నద్ధులై నిలిచియున్నారు. అర్జునుని దుఃఖము సామాన్యమైనది కాదు. అట్టివానికి భగవానుడు ఇచట చూపిన యుదాహరణము చలి, వేడి. ఇంత పెద్ద దుఃఖమునకు ఇంత చిన్న దృష్టాంతమేల యని చదువరికి తోచును. ఓర్పును నేర్చుకొనవలసిన చోటు అదియే యని సమాధానము. భీష్మవధ యెవరికైనను నిత్యము సంభవించునది కాదు. చలి, వేడి నిత్యము వచ్చుచుండును, పోవుచుండును. ఆగమాపాయులగు వానియందు అలవడని తితిక్ష మహాసంకటమున హఠాత్తుగ పుట్టదు.

శంకరభగవత్పాదులు ఈ శ్లోకభాష్యమున నొక సూక్ష్మమును వివరించిరి. శీతము ఒకప్పుడు సుఖము, ఒకప్పుడు దుఃఖము. ఉష్ణము కూడ అట్టిదే. వాని రూపము నియతము కాదు. సుఖదుఃఖములు మాత్రము తమ స్వరూపమును విడువవు. అందుచేతనే శీతోష్ణములకంటె సుఖదుఃఖములు వేఱుగ గ్రహింపబడినవి. దీనిని లోకమునకు అన్వయించినచో ఫలితము స్పష్టము. వైశాఖమున కోరిన మబ్బునే బట్టలారవేసిన దినమున నిందింతురు. మబ్బు మాఱలేదు. నింద మబ్బును గూర్చినట్లు కనబడునే కాని దానికి ఆశ్రయము మబ్బు కాదు.

శంకరకృతముగ ప్రసిద్ధమైన వివేకచూడామణి యందు తితిక్షాలక్షణము మఱింత కఠినముగ నున్నది. దుఃఖములన్నింటిని ప్రతీకారము చేయకయే, చింతయు విలాపమును లేకయే సహించుట తితిక్ష యని అందలి భావము. తత్త్వబోధ, సదానందుని వేదాంతసారము శీతోష్ణాదిద్వంద్వములను సహించుట యని మాత్రమే చెప్పి యూరకున్నవి. ప్రతీకారనిషేధము ఆ రెండింట కనబడదు. ఈ భేదమును విస్మరించి వివేకచూడామణి లక్షణమును ఎల్లరకు నొకే తీరున బోధించుట వలన అనర్థము కలుగుచున్నది. జ్వరము వచ్చిన శిశువునకు మందిప్పింపక ఈశ్వరేచ్ఛ యనువారు, తమకు రావలసినది రానపుడు కార్యాలయమునకు అర్జీ పెట్టుటయు అవిశ్వాసమే యనువారు లేకపోలేదు. ఆ లక్షణము సాధనచతుష్టయమున షట్కసంపత్తి ప్రకరణములోనిది. ముముక్షువునకు, అందును స్వశరీరదుఃఖవిషయమున చెప్పబడినది. పరుల దుఃఖమునకు ప్రతీకారము చేయరాదని అందు లేదు.

చరకసంహిత విమానస్థానము తృతీయాధ్యాయమున ఆయువు దైవపురుషకారములు రెంటిపై నాధారపడియున్నదని విచారింపబడినది. సర్వము దైవనియతమే యైనచో ఔషధమునకు, పథ్యమునకు, వైద్యునకు పనియే లేకుండును. వైద్యశాస్త్రమును వేదోపాంగముగ మన్నించిన సంప్రదాయము చికిత్సను ఈశ్వరద్రోహముగ నెన్నడును తలపలేదు. కావున జుగుప్సకు విరుద్ధములైనవి రెండు, తితిక్షయు చికిత్సయు. తితిక్షకు చికిత్స విరుద్ధము కాదు.

దీనికి లోకోదాహరణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. ఒక కళాశాలాధ్యాపకుని జీతపు బిల్లు ట్రెజరీలో ఆగినదనుకొందము. ఆగిన కారణము తెలిసికొని కావలసిన కాగితములు సమర్పించుట చికిత్స. అది వచ్చువఱకు ఉన్నదానితో సంసారము నడుపుకొని, పాఠము చెప్పునపుడు ఆ చింతను తరగతిలోనికి రానీయకుండుట తితిక్ష. ప్రతిదినము స్టాఫ్ రూములో తేనీటి వేళ మన బ్రతుకులింతే యని నలుగురి యుత్సాహమును చల్లార్చుట జుగుప్స. ఈ మూడవదానిని అధికముగ చేయువాడు మొదటిదానిని చేయకుండుటయు కద్దు. అరగంట సణిగినంతనే ఏదో చేసినట్లు మనస్సునకు తృప్తి కలుగును. పరిదేవనమునందలి ముఖ్యదోషము ఇచట కలదు. అది ఓర్పును పోగొట్టుటయే కాక విరుగుడు స్థానమును కూడ తానే ఆక్రమించును.

ఇంతవఱకు ఓర్పు విషయము. ఈశ్వరవిశ్వాసమునకు దీనితో సంబంధమేమి? బృహదారణ్యకమున (4-4-23) తితిక్షువు తరువాత కాణ్వులు సమాహితపదమును, మాధ్యందినులు శ్రద్ధావిత్తపదమును పఠింతురు. శ్రద్ధయే ధనముగ గలవాడని రెండవదాని యర్థము. ఓర్పు వెనుక శ్రద్ధ యుండవలెనని ఆ పాఠమున స్ఫుటము. శ్రద్ధ యెవనియందు? ఈశ్వరశబ్దమునే విచారింతము. ఐశ్వర్యార్థకమగు ఈశ్ ధాతువుపై వరచ్ ప్రత్యయము (3-2-175) చేరి యీ శబ్దమేర్పడుచున్నది. ఆ ప్రత్యయము ఏ యధికారమున నున్నదో చూడవలెను. అచట మూడర్థములు అనువర్తించుచున్నవి (3-2-134). ఆ క్రియ స్వభావముగ గలవాడు, ఆ క్రియ ధర్మముగ గలవాడు, ఆ క్రియను చక్కగ చేయువాడు. కావున పాలించుట స్వభావమైనవాడు మాత్రమే కాక, చక్కగ పాలించువాడును ఈశ్వరుడే. ఈశ్వరుడున్నాడని యొప్పుకొనుచు, లోకము సరిగ నడచుటలేదని నిత్యము గొణుగువాడు ధాతువును అంగీకరించి ప్రత్యయమును త్రోసిపుచ్చుచున్నాడు.

ఆ గొణుగుడు శాస్త్రమునకు కొత్తది కాదు. బ్రహ్మసూత్రములందు వైషమ్యనైర్ఘృణ్యాధికరణము (2-1-34) దానినే పూర్వపక్షముగ గ్రహించినది. దేవతలు అత్యంతసుఖులు, పశ్వాదులు అత్యంతదుఃఖులు, మనుష్యులు మధ్యములు. ఇట్లు విషమముగ సృజించినవానికి రాగద్వేషములు, నిర్దయత్వము తప్పవని ఆక్షేపము. ఇన్ని దినములుండగా నాకీ దినముననే యిట్లు జరుగవలెనా యను సామాన్యుని మాట ఈ పూర్వపక్షమునకు గృహ్యరూపము. ఈశ్వరుడు జీవుల ధర్మాధర్మముల నపేక్షించి సృజించునని సిద్ధాంతము. శంకరులిచట పర్జన్యుని దృష్టాంతముగ చూపిరి. వరికి, యవలకు వాన సాధారణకారణము. వాని భేదమునకు ఆయా బీజములందలి సామర్థ్యములే కారణములు. వాన తన బట్టలకొఱకు ఆగలేదని కోపించువాడు ఈ దృష్టాంతమును వినవలసినవాడే. అపేక్ష యున్నచో స్వాతంత్ర్యము పోవునన్న శంక నిలువదు. సేవననుసరించి జీతమిచ్చినంతమాత్రమున ప్రభువునకు ప్రభుత్వలోపము కలుగదు.

ఈ యధికరణమును గూర్చి యొక హెచ్చరిక యావశ్యకము. కర్మశబ్దము ఇచట ఈశ్వరునిపై మోపబడిన నైర్ఘృణ్యదోషమును పరిహరించుటకు ప్రయోగింపబడినది. దుఃఖములో నున్న పొరుగువానిని చూచి నీ కర్మ మనుటకు ఈ సూత్రమును వాడువారు కలరు. అట్లనువారు ఈశ్వరుని నుండి తొలగింపబడిన నైర్ఘృణ్యమును తాము స్వీకరించుచున్నారు. ఎదుటివాని దుఃఖము తనకు చికిత్సావిషయమే కాని సిద్ధాంతబోధావిషయము కాదు.

ఇట్లు పరిదేవనము త్యాజ్యమని తేలినది. కాని ఇతిహాసములు, భక్తుల వాఙ్మయము దీనికి విరుద్ధముగ కనబడుచున్నవి. అర్జునుడు మొదటి యధ్యాయమున విలపించెను. ఆ విలాపమునకు యోగమను పేరు కూడ వచ్చినది. శ్రీరాముడు పట్టాభిషేకభంగమునకు దైవమే కారణమని లక్ష్మణునితో పలికి (అయోధ్యాకాండ, 22వ సర్గ) స్థిరుడై యుండెను. ఆ శ్రీరాముడే గంగ దాటిన రాత్రి చెట్టుక్రింద కూర్చుండి తండ్రిని, కైకేయిని తలచుకొని దుఃఖించెను (53వ సర్గ). ఈ రెండవ ఘట్టమును కప్పిపుచ్చవలసిన పనిలేదు. ఆ దుఃఖము తల్లి కౌసల్యను రక్షించుటకు తమ్ముని అయోధ్యకు మఱలుమనుటలో పరిణమించినది. అనగా అది విరుగుడు వైపు నడచిన దుఃఖము.

అర్జునుని మాటయందు ఇంకను లోతు కలదు. రెండవ యధ్యాయమున (2-7) అతడు తన స్వభావము కార్పణ్యదోషముచే దెబ్బతిన్నదని చెప్పుకొనెను. కార్పణ్యమును అతడు స్పష్టముగ దోషమనియే పేర్కొనెను. ఇక శరణాగతిశాస్త్రమున ప్రపత్తికి చెప్పబడిన యంగములు ఆనుకూల్యసంకల్పము, ప్రాతికూల్యవర్జనము, రక్షించునను విశ్వాసము, గోప్తృత్వవరణము, ఆత్మనిక్షేపము, కార్పణ్యము. ఒకచోట దోషమైన కార్పణ్యము మఱియొకచోట విశ్వాసముతో సమానపంక్తిలో అంగమెట్లయినది? అర్థభేదము కొంత కలదు. గీతయందు దైన్యముచే కలిగిన బుద్ధిమాంద్యము, ప్రపత్తియందు తన అకించనత్వమును నివేదించుకొనుట. అయినను సమాధానము గీతాశ్లోకమునందే దొరకుచున్నది. దోషమును చెప్పుకొనిన ఆ శ్లోకముననే అర్జునుడు తాను శిష్యుడననియు, ప్రపన్నుడననియు, శాసింపుమనియు కృష్ణుని వేడెను. దోషము పోయినపిమ్మట శరణు పొందలేదు. దోషమునే తీసికొనిపోయి శరణ్యుని యెదుట నుంచెను.

కావున విచార్యమైనది వగపు ఉన్నదా లేదా యనుట కాదు, అది యెవరినుద్దేశించినది యనుట. సణుగుకొనువాని వాక్యమున ఈశ్వరుడు ప్రథమపురుషమున నుండును, లేదా అసలే యుండడు. భక్తుని వాక్యమున ఆయన మధ్యమపురుషము. దేవుడు చూడలేదా యనుట ఒకటి, నీవు చూడలేదా యనుట మఱియొకటి. సంస్కృతమున రెండవదానికి ఉపాలంభమని పేరు. ఉప యను నుపసర్గ సామీప్యమును కూడ తెలుపును. ఉపసర్గార్థమును ఇంతదూరము లాగుట వైయాకరణులకు రుచింపకపోవచ్చును. కాని జుగుప్సయందు అపాదానము, ఉపాలంభమున సామీప్యము భాషలోనే కనబడుచుండగా చెప్పకుండుట కష్టము.

మధ్యమపురుషమొక్కటియే చాలునా యని శంకింపవచ్చును. శిశుపాలుడును కృష్ణుని ఎదుటనే నిలిచి దూషించెను గదా. అతనికి సద్గతి కలిగినదని భాగవతము (సప్తమస్కంధము, ప్రథమాధ్యాయము) చెప్పును. ద్వేషముచే నైనను మనస్సు భగవంతునియందు లగ్నమైనందున ఆ గతి లభించినదని అందు నారదుని వివరణము. అది విశ్వాసఫలముగ చెప్పబడలేదు. ఉపాలంభమునకు గోప్తృత్వవరణము, అనగా రక్షకుడవు నీవే కమ్మని కోరుట, తోడు కావలెను. శిశుపాలుడు రక్షణ కోరలేదు.

తెలుగువారి భక్తిశతకము ఈ విషయమున నొక గొప్ప యేర్పాటు. ప్రతిపద్యము సంబోధనాంతమగు మకుటముతో ముగియును. పద్యమున ఏమి చెప్పినను, కవి యెంత కుపితుడైనను, ముగింపున దేవుని మొగము వైపు తిరుగక తప్పదు. ధూర్జటి రాజసేవను ఎంత యేవగించుకొనెనో కాళహస్తీశ్వరశతకము తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఆ యేవగింపు నూఱుసార్లు శివుని సంబోధనలోనే విశ్రమించినది. దానిని తీసివేసినచో మిగులునది కొంతవఱకు వట్టి రాజనింద. మకుటము పద్యపూరణమునకై తెచ్చికొనిన యూత యని తలచువారు ఈ యంశమును పునర్విచారింపవలెను.

కృష్ణాజిల్లా శ్రీకాకుళమున వెలసిన ఆంధ్రవిష్ణువు నుద్దేశించి కాసుల పురుషోత్తమకవి రచించిన ఆంధ్రనాయకశతకము నిందాస్తుతికి పేరుపొందినది. అందొకచోట కవి స్వామి బిరుదులన్నింటిని లెక్కించి, లోకభారము వహించు కీర్తి భూదేవి వలన, కోర్కెలిచ్చు కీర్తి లక్ష్మి వలన, పావనుడను కీర్తి గంగ వలన వచ్చినవే కాని స్వామికి సొంతమేమున్నదని వెక్కిరించెను. పైకి చూడ ఇది ఐశ్వర్యమును నిరాకరించుట. భూమియు, సంపదయు, సృష్టియు ఆయన కుటుంబమే యని చెప్పుటకంటె ఐశ్వర్యవర్ణనము వేఱేమి యుండును? ఇది ఆలంకారికులు చెప్పు వ్యాజస్తుతికి చక్కని లక్ష్యము. నింద నెపము, స్తుతి సత్యము.

భద్రాచలరామదాసు కీర్తనలను కూడ ఈ కోవలోనే చేర్చుట విమర్శకులకు పరిపాటి యైనది. ఇది సమంజసముగ తోపదు. గోపన్న గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానాషా (పాలన 1672–1687) కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారు. సర్కారు సొమ్ముతో భద్రాద్రిరామునకు ఆలయము కట్టించి చెఱపాలయ్యెను. పండ్రెండేండ్లు చెఱలో నుండెనని సంప్రదాయము. ఇక్ష్వాకుకులతిలకుని సంబోధించిన ప్రసిద్ధకీర్తనమున అతడు సీతమ్మకు, లక్ష్మణ భరత శత్రుఘ్నులకు తాను చేయించిన నగలను, వానికైన వరహాలను పద్దుగ చెప్పెను. తహసీలుదారు లెక్కవ్రాత అతని భక్తిలోనికి వచ్చినది. ఎవని సొమ్ముతో కులుకుచున్నావని స్వామినే నిలదీసెను. ఇందు నెపమేమియు లేదు. వీపుపై పడిన దెబ్బలు నిజము, కోపము నిజము, లెక్కయు నిజము. ఆ కీర్తనమును చివరివఱకు చదివినవారికి ఇంకొకటి కనబడును. తాను తిట్టినందుకు నొచ్చుకొనవలదని, దెబ్బలకు తాళలేక తిట్టితినని రామదాసు స్వామిని బ్రతిమాలుకొనెను. వ్యాజస్తుతియందు క్షమాపణకు తావులేదు. లోపల స్తుతియే యున్నచోట క్షమింపుమనుటకు ఏమున్నది? పురుషోత్తమకవి తన శతకమున వేళాకోళమునకు క్షమాపణ కోరవలసిన యవసరము లేకపోవుటకును, రామదాసు కోరుటకును గల భేదము ఇదియే. రామదాసు నింద నిందయే. దానిని అలంకారప్రకరణము నుండి తొలగించి, ప్రపత్తి ప్రకరణమున కార్పణ్యవిశ్వాసముల నడుమ నుంచి చదువవలెను.